ఎడమ బ్రేకు మెత్తగా ఉంది

పదకొండుసార్లు రాశారు ఆ మాట.
ఒకరు నిటారుగా, ఒకరు కోడిగీతల్లో,
ఒకరు కింద రెండు గీతలు గీసి మరీ.
పక్క గడిలో నేను:
చెక్‌డ్. ఓకే.
కింద పే.త.నా.
పేడాడ తవిటినాయుడు అని పూర్తిగా రాయడానికి
గడిలో చోటు చాలదు.

మా అయ్యకి సంతకం రాదు.
నెల్లిమర్ల జూటుమిల్లులో జీతం రోజు
క్యూ అంతా తిడుతున్నా
నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకుని గాని
సిరాడబ్బా మీద వేలు ఆనించేవాడు కాదు.
"నెక్క సూసుకోకుండా ఏలెట్టీకురా" అనేవాడు.
నాకు చదువొచ్చింది.
లెక్క చూడక్కర్లేని చదువు.

అసలు చూడలేదని కాదు.
మొదటిసారి చూశాను.
చక్రం పక్కన గొంతుక్కూర్చుని వేలు పెడితే
ఎర్రనూనె అంటింది,
చంపిన దోమ కడుపులో ఉన్నంత.
తుడిచాను. పోయింది.
పోయింది కాబట్టి ఓకే.

లోపల రబ్బరు రింగు మార్చాలి.
చంటిపిల్ల చేతిగాజు కన్నా చిన్నది.
స్టోర్సులో లేదు.
ఇండెంటు రాసిస్తే హేమసుందరం ఫైల్లో పెట్టాడు,
ఫైలు బీరువాలో పెట్టాడు,
బీరువా తాళం ఎక్కడ పెట్టాడో అతనికే తెలీదు.
"రేపు ఆరు ట్రిప్పులున్నాయి నాయుడూ,
విమానం షెడ్డులో ఉంటే మనకి కూడెవడెడతాడు?"
అన్నారు సారు. గట్టిగా కూడా అనలేదు.
గట్టిగా అనుంటే ఎదురు తిరిగేవాణ్ణేమో.
భోగాపురం జంక్షన్ నుంచి తెప్పించిన టీ
తన గ్లాసులోంచి సగం నాకు వంచారు.

రెండోసారి చూడలేదు.
నాలుగోసారికి వాళ్లు రాసింది చదవలేదు.
తొమ్మిదోసారి,
సోమవారం సాయంత్రమే మంగళవారం సంతకం కూడా చేసేసి
విజయనగరం బస్సెక్కాను.

మంగళవారం సిరిమాను కదిలింది.
కొసన కూర్చున్న పూజారి
మేడల కన్నా ఎత్తున ఊగుతున్నాడు.
జనం అరటిపళ్లు విసురుతున్నారు.
నా కళ్లు మాత్రం
బండి పక్కన నడుస్తున్న ముసలి వడ్రంగి మీద పడ్డాయి.
పదడుగులకోసారి మాను మొదట్లో అరచెయ్యి ఆనించి
జొరం చూసినట్టు చూస్తున్నాడు.
పొద్దున చూసే ఉంటాడు. నిన్నా చూసే ఉంటాడు.
మళ్లీ చూస్తున్నాడు.
నేను రెండు చేతులూ ఎత్తి
తల్లీ, ఇరక్కుండా కాయమ్మా అని మొక్కాను.
అక్కడ పుస్తకంలో ఆ రోజు గడిలో
నా సిరా ఎప్పుడో ఎండిపోయి ఉంది.

ఆ రోజు ఏమీ కాలేదు.
అదే నన్ను పాడుచేసింది.

ఇచ్ఛాపురం పిల్ల, బిసాయి జ్యోత్స్న,
పంతొమ్మిదేళ్లు.
ఒంటరిగా ఎగరడం అది మూడోసారి.
నేల తాకింది. బ్రేకు నొక్కింది.
కుడివైపుది పట్టుకుంది, ఎడమవైపుది
పెసరపిండిలో కాలేసినట్టు దిగిపోయింది.
విమానం కుడికి తిరిగి, కంచె తెంపుకుని
జీడితోటలోకి దూసుకుపోయి
రెండు చెట్ల నడుమ ముక్కు గుచ్చుకుని ఆగింది.
మేం పరుగెత్తేసరికి
తలుపు తోసుకుని తనే దిగింది.
పెదవి చిట్లింది. చేతుల్లో వణుకు.
నన్ను ఏమీ అనలేదు.
పుస్తకం అడిగింది.
రెక్క మీద పెట్టుకుని రాసింది,
ఒక్కో అక్షరం పొడిగా, పన్నెండోసారి:
ఎడమ బ్రేకు మెత్తగా ఉంది.

రాత్రి సారు షెడ్డుకి వచ్చారు.
టీ తేలేదు.
"మొన్నటి తేదీ వేసి
రింగు మార్చాం అని రాసేయ్" అన్నారు.
"ఎల్లుండి ఎంక్వయిరీ వాళ్లొస్తారు."
పెన్ను ఆయనే మూత తీసి ఇచ్చారు.

విమానాన్ని ట్రాక్టరుతో లాక్కొచ్చి పెట్టారు,
చక్రాల్లో ఇంకా జీడాకులు.
వెళ్లి గొంతుక్కూర్చున్నాను.
రింగు మీద వేలు పెట్టాను.
వచ్చి, పన్నెండో గడి పక్కన,
ఖాళీగా ఉన్న చోట
ఆ బొటనవేలు ఆనించాను.

ఎర్రగా పడింది.
సారు జేబురుమాలు తీసి తుడిచారు.
పోలేదు. ఇంకాస్త పాకింది.